ట్యాబా, ల్యాప్‌టాపా, ఏ కంపెనీ? ఇంజినీరింగు అమ్మాయికి, ఇంటర్ అబ్బాయికి

విత్తనాల_కొట్టు • కర్నూలు • 2025 జూలై 5, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కర్నూలులో విత్తనాలు, పురుగుమందుల కొట్టు నాది. కంప్యూటర్‌తో నా పరిచయం ట్యాలీలో బిల్లులు కొట్టడం వరకే. మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది, అనంతపురం జేఎన్‌టీయూలో సీఎస్‌ఈ దొరుకుతుందని ఆశ. హాస్టల్లో ఉంటుంది. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ, ఇంట్లోనే ఉండి జేఈఈకి చదువుతున్నాడు.

ఇద్దరికీ కలిపి 60 వేలు పెట్టగలను. గట్టిగా లాగితే ఇంకో 5 వేలు. మా బావమరిది ఐప్యాడ్ ఉంటే ల్యాప్‌టాప్ ఎందుకు బావా అంటాడు. పక్క షాపాయన డెల్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దంటాడు. షోరూముకు పోతే వాళ్లు ఇంకో కంపెనీ పేరు చెప్పి, బ్యాగు ఫ్రీ అన్నారు. అమ్మాయి "ఐ5 ఉంటే చాలు నాన్నా" అంటుంది. అబ్బాయికి ట్యాబ్ కావాలట. ఎందుకో నాకు అనుమానమే.

ట్యాబ్‌తో ఇంజినీరింగు గడుస్తుందా? ల్యాప్‌టాప్ అయితే ఏ కంపెనీ మేలు? మన ఊళ్లల్లో చెడిపోతే బాగుచేసే దిక్కు దేనికి ఉంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఏడురోడ్ల_యాపిల్ • కడప • రాత్రి 9:31

ఐప్యాడ్ కొనెయ్ అన్నా. వైరస్ గోల లేదు, హ్యాంగ్ అవ్వదు, ఐదేళ్లయినా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. పిల్లలిద్దరికీ చెరొకటి తీసుకో, మళ్లీ ఆ మాట ఎత్తవు.

బెంగళూరు_బస్సు • అనంతపురం • రాత్రి 10:05

సీఎస్‌ఈ అన్నాక ఐప్యాడ్ మాట పక్కన పెట్టండి అన్నా. నేను చదివింది కూడా అదే, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. మొదటి ఏడాది సీ, పైథాన్. తర్వాత డేటా స్ట్రక్చర్లు, జావా, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్. ఇవి చదివితే వచ్చేవి కావు, చేస్తే వచ్చేవి. కంపైలర్ (రాసిన కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చేది) ఉండాలి, డేటాబేస్ సర్వర్ నడవాలి, పక్కన లినక్స్ పెట్టుకుని పాడు చేసి మళ్లీ బాగు చేసుకోవాలి. ట్యాబ్ ఇవేవీ సరిగ్గా చేయనివ్వదు.

ఒక్కటి గమనించండి. ఐఫోన్ యాప్‌లు రాసే పూర్తి స్థాయి సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్, యాపిల్ వాళ్లదే. అది వాళ్ల ఐప్యాడ్‌లోనే నడవదు, మ్యాక్ కావాలి. అటు గూగుల్ వాళ్ల ఆండ్రాయిడ్ స్టూడియో కూడా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో నడవదు, దానికీ కంప్యూటరే కావాలి. ట్యాబ్ తయారు చేసేవాళ్లే దాంట్లో ఆ పని పెట్టలేదు.

16 జీబీ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడే మెమరీ), 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే చోటు). నాలుగేళ్లు వాడాలంటే ఇంతకంటే తగ్గొద్దు. 8 జీబీలో ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ (తెర మీద నడిచే ఉత్తుత్తి ఫోన్), క్రోమ్ ఒకేసారి తెరిస్తే మౌస్ కూడా కదలదు.

ఏడురోడ్ల_యాపిల్ • కడప • రాత్రి 10:14

బ్రౌజర్‌లోనే కోడ్ రాసుకునే సైట్లు బోలెడు ఉన్నాయి. ఐప్యాడ్‌లోనే కోడ్ రాసుకునే యాపిల్ యాప్ స్విఫ్ట్ ప్లేగ్రౌండ్స్ ఉంది. కీబోర్డు తగిలిస్తే అదే ల్యాప్‌టాప్. పోయిన నెల చూపించిన ఐప్యాడ్‌ఓఎస్ 26లో విండోలు కూడా మ్యాక్‌లో లాగా ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు. మీరంతా పదేళ్ల కిందటి ఐప్యాడ్ గురించి మాట్లాడుతున్నారు.

డెబిట్_క్రెడిట్ • ప్రొద్దుటూరు • రాత్రి 10:40

కీబోర్డు తగిలిస్తే అన్నారు కదా, లెక్క వేద్దాం. ఈ మార్చిలో వచ్చిన ఐప్యాడ్ 128 జీబీ ధర 34,900. యాపిల్ పెన్సిల్‌లో యూఎస్‌బీ-సీ రకం 7,900. వాళ్ల మ్యాజిక్ కీబోర్డ్ ఫోలియో 24,900. మొత్తం 67,700. కొట్టు అన్న బడ్జెట్ అమ్మాయి ఒక్కదానికే అయిపోయింది, పైన ఇంకా అప్పు తేలింది. ఇంతా పెట్టాక చేతిలో ఉన్నది జావా నడవని ల్యాప్‌టాప్.

ఏడురోడ్ల_యాపిల్ • కడప • రాత్రి 10:43

కీబోర్డు వాళ్లదే కొనాలని ఎవరన్నారు? బయటి బ్లూటూత్ కీబోర్డు రెండు మూడు వేలకే వస్తుంది.

డెబిట్_క్రెడిట్ • ప్రొద్దుటూరు • రాత్రి 10:47

ఒప్పుకున్నా. జావా మాత్రం ఇంకా నడవలేదు.

తెల్లకోటు • కర్నూలు • జూలై 6, ఉదయం 6:55

నేను కర్నూలు మెడికల్ కాలేజీలో మూడో సంవత్సరం. అందరూ ట్యాబ్ మీద పడ్డారు కాబట్టి దాని తరఫున నేను మాట్లాడతా.

మా చదువు కంప్యూటర్ చదువు కాదు, పుస్తకాల చదువు. ఒక్కో పుస్తకం చేత్తో లేపి పట్టుకోలేనంత. అవన్నీ ట్యాబ్‌లో ఉన్నాయి. వార్డు బయట బెంచీ మీద, బస్సులో, హాస్టల్ మంచం మీద, ఎక్కడైనా తెరుస్తా. ఒక పక్క క్లాసు వీడియో, ఇంకో పక్క నోట్సు. బొమ్మ మీదే గీతలు గీసుకుంటా, రంగులు వేసుకుంటా, చేత్తో రాసిన మాటను కూడా మళ్లీ వెతికితే దొరుకుతుంది. ఐప్యాడ్ 477 గ్రాములు, ల్యాప్‌టాప్ తేలికదే అయినా దానికి రెండున్నర, మూడింతలు. పడుకుని ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్ చదివి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇక పెన్ను సంగతి. ట్యాబ్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే, షాపువాళ్లు చెప్పనిదీ ఇదే. శాంసంగ్‌లో ఎస్6 లైట్, ఎస్9 ఎఫ్ఈ కొంటే ఎస్ పెన్ డబ్బాలోనే వస్తుంది, రాయడానికి దానికి చార్జింగ్ కూడా అక్కర్లేదు. అదే ఏ9 ప్లస్ చూడ్డానికి 11 అంగుళాల పెద్ద ట్యాబే, ధర తక్కువ, కానీ ఎస్ పెన్ పనిచేయదు. రబ్బరు మొన ఉన్న మామూలు పెన్నుతో దాని మీద రాస్తే అరచెయ్యి తగిలిన చోటల్లా గీత పడుతుంది. ఐప్యాడ్‌కు పెన్సిల్ విడిగా కొనాలి, దానికి చార్జింగ్ పెట్టాలి, పైగా ఏ ఐప్యాడ్‌కు ఏ పెన్సిల్ అనేది వేరే పంచాయితీ.

ట్యాబ్‌లో నాకు నచ్చనిది కూడా చెప్తా. సెమినార్ స్లైడ్లు చేయాలంటే నరకం. నాలుగు పేజీలు టైపు చేసేసరికి మెడ పట్టేస్తుంది. ఆ పనులకు నా రూమ్మేట్ ల్యాప్‌టాపే గతి. కాబట్టి మీ అమ్మాయికి నేను కూడా ల్యాప్‌టాపే అంటా అంకుల్. మెడిసిన్, లా, సివిల్స్ చదివేవాళ్లకు మాత్రం ట్యాబ్‌ను తీసిపారేయకండి.

రాగిసంగటి • కడప • ఉదయం 7:20

డెల్ బెస్టా, హెచ్‌పీ బెస్టా? ఒక్క మాటలో చెప్పండి, ఇంత చదివే ఓపిక లేదు.

స్క్రూడ్రైవర్ • అనంతపురం • ఉదయం 11:30

ఒక్క మాటలో అయితే చెప్పేది లేదు రాగిసంగటీ, సంగటి తిని వచ్చి చదువు.

నాది అనంతపురంలో రిపేరు షాపు. అన్ని కంపెనీలూ నా బల్ల మీదికి వస్తాయి. బ్రాండ్ అడక్కండి, ఆ బ్రాండ్‌లో ఏ వరుసో అడగండి. డెల్‌లో ఇన్‌స్పిరాన్ వేరు, లాటిట్యూడ్ వేరు. హెచ్‌పీలో పెవిలియన్ వేరు, ఎలైట్‌బుక్ వేరు. లెనోవోలో ఐడియాప్యాడ్ వేరు, థింక్‌ప్యాడ్ వేరు. ఆ థింక్‌ప్యాడ్ అసలు ఐబీఎం వాళ్లది, 2005లో లెనోవో చేతికి వచ్చింది. ఏసర్‌లో ఆస్పైర్, ట్రావెల్‌మేట్. అసుస్‌లో వివోబుక్, ఎక్స్‌పర్ట్‌బుక్. పల్లెవెలుగు, ఇంద్ర రెండూ ఆర్టీసీ బస్సులే కదా, ఆర్టీసీ బస్సు బాగుంటుందా అని అడిగితే ఏం చెప్తాం? మొదటి రకం ఇంట్లో వాడే జనానికి, రెండోది ఆఫీసులకు. ఆఫీసు రకంలో తెరను కింది భాగానికి కలిపే కీలు (హింజ్) గట్టిగా ఉంటుంది, కీబోర్డు విడిగా దొరుకుతుంది, లోపల విప్పడం సులువు. ధర ఎక్కువ.

ఎక్కువగా వచ్చే రోగం కీలు విరగడం. ఏ కంపెనీదైనా చౌక మోడల్లో కీలు స్క్రూలు ప్లాస్టిక్ దిమ్మెల్లో కూర్చుంటాయి. తెరను ఎప్పుడూ ఒక మూల పట్టుకుని లేపితే ఆ దిమ్మె పగులుతుంది, తర్వాత మూత పైకి లేస్తుంది, చివరికి తెర కేబుల్ తెగుతుంది. మధ్యలో పట్టుకుని తెరవమని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. రెండోది టీ, నీళ్లు. మూడోది దుమ్ము. మన అనంతపురం గాలికి ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని గాలి బయటికి పోదు, మెషిన్ వేడెక్కి నెమ్మదిస్తుంది, వాళ్లేమో వైరస్ వచ్చిందని తెస్తారు.

"ఐ5 ఉంటే చాలు" అన్న పాప మాటకు ఇప్పుడు వస్తా. ఐ5, రైజెన్ అనేవి ప్రాసెసర్ పేర్లు, మెషిన్‌కు మెదడు అన్నమాట. ఐ5 ఇంటెల్ వాళ్లది, రైజెన్ ఏఎండీ వాళ్లది. పేరు చూసి మోసపోయేది ఇక్కడే. ఏఎండీలో రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అని రెండున్నాయి. షాపులో రెండింటినీ రైజెన్ 5, 7000 సిరీస్ అనే చెప్తారు. నాలుగంకెల్లో మూడోది చూడండి. 2 ఉంటే అది జెన్ 2, అంటే 2019 నాటి డిజైన్, నాలుగు కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు). 3 ఉంటే జెన్ 3, ఆరు కోర్లు. పైగా 7520యూ ఉన్న వాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, 8 జీబీ కొంటే చచ్చేదాకా 8 జీబీయే. ఇంటెల్‌లో ఐ3-ఎన్305 అని ఉంటుంది, ఎనిమిది కోర్లు అని గొప్పగా రాస్తారు, ఎనిమిదీ చిన్న కోర్లే. ఐ3-1215యూలో ఆరే కోర్లు, కానీ అందులో రెండు పెద్దవి. ఐ5-1235యూలో రెండు పెద్దవి, ఎనిమిది చిన్నవి. 13వ తరం ఐ5-1334యూకీ దీనికీ పెద్ద తేడా లేదు, 12వ తరం అని షాపువాడు ధర తగ్గిస్తే సంతోషంగా తీసుకోండి.

ఐ5-1235యూ గానీ రైజెన్ 5 7530యూ గానీ, 16 జీబీ, 512 ఎస్ఎస్‌డీ. ఈ 2025 జూలైలో 45 నుంచి 52 వేల లోపల దొరుకుతున్నాయి. ఈ మూడూ కుదిరితే మూత మీద ఏ పేరున్నా నాకు అభ్యంతరం లేదు.

రాగిసంగటి • కడప • మధ్యాహ్నం 12:02

చదివినా సామీ. మూడో అంకె సంగతి ఇన్నేళ్లలో ఒక్క షాపువాడూ చెప్పలేదు.

సర్వీసు గురించి నేను చెప్తా. కంపెనీ పేరు వద్దు. వారంటీలో ఉండగానే మదర్‌బోర్డు పోతే, మా ఊళ్లో వాళ్ల సెంటర్ అని బోర్డు ఉన్నచోట మెషిన్ తీసుకుని హైదరాబాద్ పంపించారు. అది తీసుకునే కౌంటరే తప్ప బాగుచేసే చోటు కాదు. తిరిగొచ్చేసరికి సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. కాబట్టి బోర్డు చూసి మురిసిపోవద్దు, లోపలికి పోయి "ఇక్కడే బాగుచేస్తారా, పంపిస్తారా" అని అడగండి.

స్క్రూడ్రైవర్ • అనంతపురం • మధ్యాహ్నం 12:20

అది కరెక్టు. ఇంకో మాట. కొన్ని మోడళ్లకు ఆన్‌సైట్ వారంటీ ఉంటుంది, మనిషే ఇంటికి వచ్చి పార్టు మారుస్తాడు. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడింట్లోనూ కొన్నింటికి ఉంది, అన్నింటికీ లేదు. అదే మోడల్ ఒకచోట ఆన్‌సైట్‌తో, ఇంకోచోట మనమే సెంటర్‌కు మోసుకుపోవాల్సిన క్యారీ-ఇన్‌తో అమ్ముతారు. హాస్టల్ పిన్‌కోడ్ చెప్పి, అక్కడికి వస్తారో లేదో కస్టమర్ కేర్‌ను అడిగి కొనండి. కర్నూలు పిన్‌కోడ్ కాదు, పిల్ల ఉండేది అనంతపురంలో.

సుద్దముక్క • కడప • మధ్యాహ్నం 3:15

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తా. అబ్బాయి సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీద రాసే పరీక్ష. మౌస్‌తోనే పని. అంకె జవాబు రాయాల్సిన ప్రశ్నలకు తెర మీద చిన్న అంకెల పలక వస్తుంది, దాన్ని కూడా మౌస్‌తో నొక్కాలి. లెక్క కాగితం మీద చేయాలి, చూపు తెరకూ కాగితానికీ మధ్య తిరుగుతుండాలి. మూడు గంటలు. ఏడాదంతా ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని వేలితో నొక్కి మాక్ టెస్టులు రాసిన పిల్లలు పరీక్ష హాల్లో మొదటి పావుగంట మౌస్‌తోనే తంటాలు పడతారు. మా ఈఏపీసెట్ పిల్లల్లోనూ ఇదే చూశా. జేఈఈ మెయిన్ పెట్టే ఎన్‌టీఏ వాళ్ల సైట్లో మాక్ టెస్టులు ఉచితమే, కంప్యూటర్ మీద మౌస్‌తో రాయనివ్వండి.

మీ కొట్లో ట్యాలీ కంప్యూటర్ ఉంది కదా? ఆదివారం కొట్టు మూశాక దాని ముందు కూర్చోబెట్టండి. బ్రౌజర్ తెరుచుకుంటే చాలు.

ట్యాబ్ ఇస్తే చదువు దానంతటదే వస్తుందనే నమ్మకం మనకు పాతదే. 2011లో ఆకాశ్ ట్యాబ్ అని విడుదల చేశారు గుర్తుందా? 7 అంగుళాలు, 256 ఎంబీ ర్యామ్, గోరుతో గట్టిగా నొక్కితే గానీ పలకని తెర. దేశమంతా అదే మాట. ఇప్పుడు దాని పేరు చెప్తే నా విద్యార్థులు కోచింగ్ సెంటర్ అనుకుంటారు.

ఎర్రనేల_టీచర్ • ఆదోని • సాయంత్రం 4:40

సార్ మాటతో సగమే ఒప్పుకుంటా. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది కదా, నా క్లాసు పిల్లలకూ వచ్చాయి. పాఠాలు అందులోనే వేసి ఇచ్చారు కాబట్టి నెట్ లేని ఇంట్లో కూడా నడిచాయి. సుగ్గికి, అంటే పంట కోతల పనికి, తల్లిదండ్రులతో వలస పోయే పిల్లలు ఉంటారు మా దగ్గర. బడిలో లేనన్ని రోజులు వాళ్లకు పాఠం అనేది ఏదైనా ఉందంటే అదే. ల్యాప్‌టాప్ అయితే అక్కడ చార్జింగ్‌కే దిక్కుండదు, ట్యాబ్‌ను ఫోన్ చార్జర్‌తో పెట్టుకుంటారు.

తెరలు పగిలాయి, కొందరు ఆటలు ఎక్కించుకున్నారు, అది నిజమే. కానీ ఇంజినీరింగు పిల్లకు పనికిరాదు కాబట్టి ఎవరికీ పనికిరాదు అంటే నేను ఒప్పుకోను.

సుద్దముక్క • కడప • సాయంత్రం 4:58

నేను అన్నది జేఈఈ పిల్లవాడి గురించే మేడమ్. వలస పిల్లల సంగతి మీరు చెప్తే తప్ప నాకు తట్టేది కాదు.

ఏడురోడ్ల_యాపిల్ • కడప • సాయంత్రం 5:30

సరే, ఐప్యాడ్ వదిలేద్దాం. మ్యాక్‌బుక్ ఎయిర్ మాటేమిటి? ఎం4 చిప్ ఉన్నదాని ధర 99,900, విద్యార్థులకు 89,900. 2020లో ఎం1 వచ్చినప్పటి నుంచి బ్యాటరీలో దాని దరిదాపుల్లోకి వచ్చినవి తక్కువే. ఫ్యాన్ కూడా లేదు, మీ అనంతపురం దుమ్ము ఏం చేస్తుంది?

బెంగళూరు_బస్సు • అనంతపురం • సాయంత్రం 5:52

మ్యాక్ మంచి మెషిన్, కాదనను. నా ఆఫీసు మెషిన్ అదే. సీఎస్‌ఈకి బాగా సరిపోతుంది కూడా. కానీ బడ్జెట్ 60, మెషిన్ 90, అక్కడే ఆగిపోయింది.

ఇది చదివే మిగతా బ్రాంచిల తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. మెకానికల్ వాళ్ల సాలిడ్‌వర్క్స్, సివిల్ వాళ్ల రెవిట్ మ్యాక్‌కు రావు, విండోస్‌కే. ఈసీఈ వాళ్ల వివాడో విండోస్, లినక్స్‌లోనే. ఆటోక్యాడ్‌కు మ్యాక్ వెర్షన్ ఉంది. బ్రాంచి ఖాయం కాకముందే మెషిన్ కొనకండి. కౌన్సెలింగ్‌లో సీఎస్‌ఈ అనుకున్నది సివిల్ అయితే అంతా మారిపోతుంది.

పెళ్లిపత్రిక • కడప • సాయంత్రం 6:10

మధ్యలో దూరుతున్నా. నాది డీటీపీ సెంటర్. పెళ్లి పత్రికలు, కరపత్రాలు మేం ఇప్పటికీ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతోనే చేస్తాం. ఆ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్తది రాలేదు. ఇంకా తమాషా ఏమిటంటే పేజ్‌మేకర్ 1985లో పుట్టిందే మ్యాక్ కోసం. ఇప్పటి మ్యాక్‌లో అదే నడవదు. యాపిల్ తమ్ముడు దీనికి ఏమంటాడో.

ఏడురోడ్ల_యాపిల్ • కడప • సాయంత్రం 6:13

2001 సాఫ్ట్‌వేర్ వాడుతూ నన్నంటావా అన్నా!

తెల్లకోటు • కర్నూలు • రాత్రి 8:05

ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ తన సైట్లోనే రాసింది. మన కర్నూలులో మే నెలలో 35 అంటే చల్లటి రోజు. పోయిన వేసవిలో ఏసీ లేని గదిలో, పరుపు మీద పెట్టి చార్జింగ్ చేస్తూ వీడియో చూస్తుంటే వేడెక్కిందని హెచ్చరిక చూపించి తెర నల్లబడింది. కాసేపటికి మామూలైంది. పాడవలేదు, కానీ రేపు పరీక్ష అయితే టెన్షనే.

స్క్రూడ్రైవర్ • అనంతపురం • రాత్రి 8:30

లిథియం బ్యాటరీ ఏదైనా అంతే, వేడి దాని ఆయుష్షును తినేస్తుంది. పరుపు మీద పెట్టి చార్జింగ్ చేయడం ల్యాప్‌టాప్‌కు ఇంకా చెడ్డ, గాలి పీల్చే రంధ్రాలు కిందే ఉంటాయి. ఎండలో కారులో వదిలేయకండి. చాలా ల్యాప్‌టాపుల్లో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగు ఉంటుంది, ఎప్పుడూ ప్లగ్గులోనే పెట్టి వాడేవాళ్లు అది ఆన్ చేసుకోండి.

హగరి_ఒడ్డు • అనంతపురం • రాత్రి 9:00

పాతవి ఎందుకు చూడకూడదు? బెంగళూరు ఎస్పీ రోడ్డులో కంపెనీలు వదిలేసిన లాటిట్యూడ్‌లు, థింక్‌ప్యాడ్‌లు కొత్తవాటిలో సగం కంటే తక్కువకే ఇస్తారు.

స్క్రూడ్రైవర్ • అనంతపురం • రాత్రి 9:25

చూడొచ్చు. చూసే కన్ను ఉంటే. విండోస్ 11కు ఇంటెల్ 8వ తరం నుంచే అనుమతి. కాబట్టి లాటిట్యూడ్ 7480 వద్దు, 8వ తరం ఉన్న 7490 పర్వాలేదు. థింక్‌ప్యాడ్ టీ470 వద్దు, 8వ తరం ఉన్న టీ480 పర్వాలేదు. పైకి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, అమ్మేవాడికి కావాల్సింది అదే. స్విచ్ వేయగానే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) పోయి చూడండి, పాత కంపెనీ పాస్‌వర్డ్ అడిగితే అక్కడే పెట్టి వచ్చేయండి. తర్వాత బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక పేజీ తయారవుతుంది. అందులో తయారైనప్పటి కెపాసిటీ, ఇప్పుడున్న కెపాసిటీ రెండూ ఉంటాయి. సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ డబ్బు ధరలో తగ్గించమనండి.

అయినా హాస్టల్‌కు పోయే పిల్లకు, మొదటి మెషిన్ కాబట్టి, వారంటీ ఉన్న కొత్తదే నా మాట. పాతది నాలాంటివాడు ఇంట్లో ఉన్నవాళ్లు కొనుక్కోవాలి.

విత్తనాల_కొట్టు • కర్నూలు • జూలై 7, రాత్రి 9:50

అందరికీ చాలా థాంక్స్. కొట్టు మూసి అంతా చదివినా. అమ్మాయికి ల్యాప్‌టాపే, అదీ సీటు అలాట్ అయ్యాకే. అబ్బాయికి ట్యాబ్ లేదని చెప్పినా, మొహం మాడ్చుకున్నాడు. సుద్దముక్క సార్ చెప్పినట్టు కొట్టు కంప్యూటరే ఇస్తా. కానీ అది పాతది, 4వ తరం ఐ3, 4 జీబీ, విండోస్ 10. ఆన్ అయ్యేలోపు నేను టీ తాగొస్తా. దాని మీద పరీక్షలు రాయగలడా?

కింద మా అమ్మాయి ఏదో రాయాలంటోంది.

నేను వాళ్ల అమ్మాయిని, నాన్న లాగిన్‌లోనే రాస్తున్నా. స్క్రూడ్రైవర్ అంకుల్, మీరు చెప్పినవన్నీ 15.6 అంగుళాలవే కనిపిస్తున్నాయి. రోజూ హాస్టల్ నుంచి క్లాసుకు మోయాలి. 14 అంగుళాల్లో దొరకవా? రూమ్మేట్లు పడుకున్నాక వాడాలంటే కీబోర్డులో లైటు కూడా ఉండాలి.

స్క్రూడ్రైవర్ • అనంతపురం • రాత్రి 10:10

దొరుకుతాయమ్మా. ఐడియాప్యాడ్, వివోబుక్, పెవిలియన్, ఆస్పైర్ అన్నింట్లో 14 అంగుళాలవి వస్తాయి, ఒకటిన్నర కిలోకు అటూ ఇటూ. వాటిలో ర్యామ్ అతికించి రావడం మాత్రం ఎక్కువ, అందుకే మొదటే 16 జీబీది తీసుకో. షాపులో టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ మీద నొక్కు, స్లాట్లు ఎన్ని వాడారో అక్కడ కనిపిస్తుంది. కీబోర్డు లైటు డబ్బా మీద చదవకు, వేసి చూడు. అదే మోడల్లో లైటు ఉన్నదీ లేనిదీ రెండూ అమ్ముతారు. ఫ్రీ డాస్ అని రాసి ఉంటే విండోస్ లేదని అర్థం, తక్కువ ధర చూసి ఎగరొద్దు.

నాన్న కంప్యూటర్‌కు ఒక 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్. మూడు నాలుగు వేలలో అయిపోతుంది. టీ తాగేంత టైము ఇక దొరకదు.

డెబిట్_క్రెడిట్ • ప్రొద్దుటూరు • రాత్రి 10:32

కొట్టు కంప్యూటర్ గురించి ఇంకోటి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోతుంది. మీ 4వ తరానికి 11 రాదు. పోయిన నెల మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే దారి చెప్పింది, సెట్టింగులను వాళ్ల ఖాతాలో బ్యాకప్ చేసుకుంటే డబ్బు కూడా కట్టక్కర్లేదట. అది పెట్టుకోండి. జీఎస్‌టీ, బ్యాంకు అన్నీ దాంట్లోనే కదా చేసేది. ట్యాలీ డేటా పెన్‌డ్రైవ్‌లోకి తీశాకే ఎస్ఎస్‌డీ వేయించండి, ముందు కాదు.

విత్తనాల_కొట్టు • కర్నూలు • రాత్రి 10:41

సరే సామీ. చివరగా ఒకటి. అమ్మాయి ల్యాప్‌టాప్ బిల్లు కొట్టు జీఎస్‌టీ నంబరు మీద తీసుకుంటే 18 శాతం తిరిగొస్తుందా?

డెబిట్_క్రెడిట్ • ప్రొద్దుటూరు • రాత్రి 10:44

రాదు. సొంత వాడకానికి కొన్నదానికి క్రెడిట్ లేదు, బిల్లు అమ్మాయి పేరు మీదే తీసుకోండి, వారంటీకి కూడా అదే మంచిది. ఎస్ఎస్‌డీ, ర్యామ్ బిల్లు కొట్టు పేరు మీద తీసుకోవచ్చు. అదీ పూర్తిగా రాదు. విత్తనాలకు జీఎస్‌టీ లేదు, పురుగుమందులకు ఉంది, కాబట్టి మీ అమ్మకాల దామాషాలోనే వస్తుంది.